శాకాహారం స్వీకరించిన విద్యార్థి ఏమి తినాలి?

మన ప్రాంతంలో శాకాహారి అనే మాటకు చాలాకాలం వరకు ఒకే అర్థం ఉండేది. పుట్టినది మొదలు మాంసం ఎరుగని ఇంటిలో పెరిగిన వ్యక్తి శాకాహారి. అతనికి ఏమి వండిపెట్టాలో అతని తల్లికి తెలుసు. ఆమెకు ఆమె తల్లి నేర్పింది. ఇప్పుడు మరొక తరహా శాకాహారి మన కళాశాలల్లోను, అద్దె గదుల్లోను, వసతిగృహాల్లోను కనిపిస్తున్నాడు. అతడు మాంసం వండే ఇంటిలోనే పుట్టినవాడు. సెలవుదినం వచ్చినదని కూర ఉడికే వాసనతోనే గుర్తుపట్టినవాడు. ఏదో ఒక కారణం చేత మాంసాన్ని విడిచిపెట్టాడు. విడిచిన తరువాత పళ్ళెంలో దాని స్థానాన ఏమి పెట్టుకోవాలో అతనికి చెప్పేవారు లేరు. అటువంటి విద్యార్థి కోసం, విద్యార్థిని కోసం ఈ నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ఇటువంటివారు ఎందరున్నారని కొందరు అడుగవచ్చు. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. దేశంలోని పెద్ద రాష్ట్రాలన్నింటిలోను ఈ విషయంలో మనమే ముందున్నాము. కనుక ఇక్కడ మాంసం మానుకునేవారు అల్పసంఖ్యాకులలో అల్పసంఖ్యాకులు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకునే మనకు ఆ స్థితి ఎటువంటిదో వేరుగా వివరించనవసరం లేదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారి అవసరాన్ని అడుగకుండానే గుర్తించడం మనకు తెలిసి ఉండవలసిన మర్యాద.

మాంసం మానుకోవడానికి కారణాలు అనేకం. ఒకరు అయ్యప్ప దీక్ష తీసుకొని మండల కాలం మానుతారు. ఒకరు కార్తీకంలోనో శ్రావణంలోనో మాని, నెల గడిచాక ఇక వద్దనుకుంటారు. ఒకరికి వైద్యులు కొంతకాలం తగ్గించమని చెబుతారు. ఒకరికి జీవహింస మనసుకు పట్టదు. వీరందరికంటె సంఖ్యలో ఎక్కువగా ఉన్న మరొక వర్గమున్నది. వారు తమను శాకాహారులమని ఎన్నడూ చెప్పుకోరు. జనగామ నుండో, మహబూబాబాద్ నుండో, భూపాలపల్లి నుండో ఇల్లు విడిచి వచ్చి, నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొని, ఒకే గ్యాసు పొయ్యి మీద వండుకుంటారు. మాంసం ధర వారికి అందదు. నెలలో అధిక దినాలు వారు తినేది శాకాహారమే. పేరు ఏదైనా పళ్ళెం ఒకటే. కాబట్టి ఈ ప్రశ్న కొద్దిమందిది కాదు, గదిలో ఉండి చదువుకునే ప్రతి విద్యార్థిది.

వీరు చేస్తున్న పొరపాటు కూడా ఒకటే. పళ్ళెంలో నుండి మాంసం తీసివేస్తున్నారు; ఆ ఖాళీని అన్నంతోనే నింపుతున్నారు. పొద్దున చాయ్, బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, ఆవకాయ. సాయంత్రం మిర్చి బజ్జీలు. రాత్రి రెండు నిమిషాలలో ఉడికే సేమియా పొట్లం. కడుపు నిండుతుంది, ఒంటికి అందవలసినది అందదు. నెల తిరిగేసరికి నీరసం, తలనొప్పి, తరగతిలో కునికిపాట్లు. అప్పుడు ఇంటివారు, మిత్రులు ముక్తకంఠంతో అనే మాట ‘మాంసం మానినందుకే ఇట్లయింది’ అని. నిజానికి ఆ నీరసం మాంసం మానినందువలన వచ్చినది కాదు, పప్పు వండుకోనందువలన వచ్చినది. మాంసం మానినవాడు మొట్టమొదట నేర్చుకోవలసిన విద్య పప్పు వండడం. ఆ విద్య కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన ఇళ్ళలో, తెలుగు మాట్లాడే ఇంటిలోను ఉర్దూ మాట్లాడే ఇంటిలోను, అది తరతరాలుగా ఉన్నదే. ఇదే మా వాదం.

ముందుగా శాస్త్రం చెప్పే మాటను విందాము. మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని గూర్చిన పరిశోధనకై చిన్న శాఖగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతుడైన పెద్దవానికి శరీరపు బరువులో కిలో ఒక్కంటికి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల బరువున్న విద్యార్థికి ఇది సుమారు 46 గ్రాములు. మాంసకృత్తులు అనే పేరులోనే మాంసం ఉన్నందున అవి మాంసంలోనే ఉంటాయని భ్రమపడేవారు ఉన్నారు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 8 గ్రాములు, కందిపప్పులో సుమారు 22 గ్రాములు, పెసరపప్పులో సుమారు 24 గ్రాములు, పల్లీలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. రోజుకు 300 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, ఒక పిడికెడు పల్లీలు, ఒక గిన్నెడు పెరుగు తీసుకున్నవాడు కావలసిన మొత్తాన్ని దాటిపోతాడు. పప్పు, పల్లీలు, పెరుగు తీసివేసి అన్నం మాత్రమే తిన్నవానికి సగం దగ్గరనే ఆగిపోతుంది.

ఇందులో మరొక మర్మమున్నది. మాంసకృత్తులు కొన్ని ఎమినో ఆమ్లాల కూర్పు. ధాన్యాలలో లైసిన్ అనే ఆమ్లం కొరతగా ఉంటుంది. పప్పులలో అది సమృద్ధిగా ఉంటుంది. పప్పులలో కొరతగా ఉండే మిథియోనిన్ ధాన్యాలలో లభిస్తుంది. అన్నంలో పప్పు కలుపుకున్నప్పుడు, జొన్నరొట్టెను పప్పులో అద్దుకున్నప్పుడు, ఖిచిడీ వండినప్పుడు, ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. ఈ రసాయనశాస్త్రం ఎరుగకుండానే మన పెద్దలు ఆ జంటను కుదిర్చారు.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పవలసి ఉన్నది. మొదటిది ఇనుము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి మించి రక్తహీనులని తేలింది. వారిలో అత్యధికులు మాంసం తినే ఇళ్ళవారే అన్న సంగతి మరువరాదు. ఆకుకూరల్లో, పప్పుల్లో, నువ్వుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే దానితోపాటు పులుపు కావాలి. పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం, భోజనంలో ఒక జామపండో ఉసిరికాయో ఉండడం మంచిది. భోజనం ముగించీ ముగించగానే చాయ్ తాగే అలవాటు ఆ ఇనుమును ఒంటికి అందకుండా చేస్తుంది, గంటసేపు ఆగాలి. రెండవది బి-12 విటమిన్. ఇది మొక్కల నుండి వచ్చే ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. పాలు, పెరుగు, మజ్జిగ తప్పక తీసుకోవాలి. గుడ్డు తినవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు ఎవరి నియమాన్ని బట్టి వారిది, తినేవారికి మేలే. పాలు సైతం మానుకున్నవారు వైద్యుని సలహాతో బి-12 మాత్ర వేసుకోవాలి. ఇందులో మొండితనం పనికిరాదు.

ఇక సమయం చాలదన్న అభ్యంతరం. పరీక్షలు, బస్సులు, ట్యూషన్లు, పార్ట్ టైము పనులు, వీటి నడుమ వంట ఎప్పుడని విద్యార్థులు అడుగుతారు. 1888లో న్యాయశాస్త్రం చదువుకోవడానికి లండను చేరిన ఒక పందొమ్మిదేళ్ళ విద్యార్థికి ఇదే చిక్కు వచ్చింది. మాంసం ముట్టనని తల్లికి ఇచ్చిన మాటను నిలుపుకుంటూ ఆ యువకుడు మొదటి నెలల్లో ఆకలితో బాధపడ్డాడు. ఆ వంటలు రుచించవు, మరొకసారి వడ్డించమని అడగడానికి మొగమాటం. వెదకి వెదకి ఒక శాకాహార భోజనశాలను కనుగొన్నాడు. అక్కడ కొన్న పుస్తకం చదివిన తరువాత, అంతవరకు మాట కోసం పాటించిన నియమం ఇష్టపూర్వకమైనది అయినది. పిదప ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే గదిలోకి మారి, ఒక పొయ్యి కొనుక్కొని, ఉదయం ఓట్ల జావ, కోకో తానే కాచుకున్నాడు. ఆ వంటకు ఇరవై నిమిషాలు పట్టేదని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ఆ విద్యార్థి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. మాంసం లేకపోవడం కంటె, దాని స్థానాన ఏమి తినాలో తెలియకపోవడమే ఆయనను మొదట బాధించింది. పొయ్యి, కుక్కరు, ఇరవై నుండి ముప్పై నిమిషాల సమయం ఉన్న మన విద్యార్థి అంతకంటె మెరుగైన భోజనమే చేయగలడు.

అవి ఏవో ఇప్పుడు మనవి చేస్తాము. మొదటిది ఖిచిడీ, ఖట్టా. హైదరాబాదు ముస్లిం ఇళ్ళలో ఉదయపు ఫలహారంగా ప్రసిద్ధమైన ఈ జంటకు మూడవ తోడుగా ఖీమా ఉంటుంది. ఖీమాను తీసివేసినా భోజనం సంపూర్ణమే. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు మసూరు పప్పు (మన అంగళ్ళలో మైసూరు పప్పు, ఎర్రపప్పు అని అడిగినా ఇస్తారు) కడిగి, వేయించిన ఉల్లిగడ్డ, పసుపు, ఉప్పు, కొద్దిగా అల్లం ఎల్లిపాయ ముద్ద వేసి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కరులో పెడితే మూడు విజిల్స్‌లో ఉడుకుతుంది. అది ఉడికేలోపల ఖట్టా సిద్ధమవుతుంది. నిమ్మకాయంత చింతపండును వేడినీటిలో నానబెట్టి పులుసు తీసి, వేయించి దంచిన నువ్వులు రెండు చెంచాలు, కాల్చి నలిపిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు కలిపి జీలకర్ర పోపు పెట్టాలి. గదిలో మిక్సీ లేకున్నా చింత లేదు. నువ్వులను చపాతీ కర్రతో నలిపినా సరిపోతుంది. ఇద్దరికి కడుపునిండా సరిపోయే ఈ భోజనం అరగంట పని.

ఈ ఖట్టాను చూసిన తెలుగు విద్యార్థి ‘ఇది మా పచ్చిపులుసే గదా’ అంటాడు. నిజమే. తెలంగాణ పల్లెలో ఇల్లాలు పొయ్యి మీద పెట్టకుండా చేసే పచ్చిపులుసుకు, ఉర్దూ ఇంటి ఖట్టాకు మధ్య తేడా పేరులోనే ఎక్కువ. అదే చింతపండు, అదే ఉల్లిగడ్డ, అదే కాల్చిన మిరపకాయ. వేసవిలో ఇరువురి ఇళ్ళకూ అదే చలువ. పచ్చిపులుసులో పల్లీల పొడి రెండు చెంచాలు కలిపి, పక్కన ఉడికించిన పెసరపప్పు పెట్టుకుంటే పది నిమిషాలలో భోజనం. ఒకే కళాశాలలో రెండు మాధ్యమాలలో చదువుకుంటున్న మనం ఒకరి వంటింటి నుండి మరొకరం ఎంత నేర్చుకోవచ్చునో ఈ ఒక్క గిన్నె చెబుతుంది.

రెండవది ఆకుకూర పప్పు. అర గ్లాసు కందిపప్పు, ఒక కట్ట పాలకూరో, పుంటికూరో, తోటకూరో, రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు, అన్నీ ఒకే కుక్కరులో. పైన చిన్న గిన్నెలో బియ్యం పెడితే అన్నం కూడా అదే మంట మీద ఉడుకుతుంది. చివర ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు. పుంటికూర వేసినప్పుడు టమాటాలు, చింతపండు అవసరం లేదు. వేసవి మొదట్లో చింతచిగురు దొరికినన్నాళ్ళు చింతచిగురు పప్పు. దీనికే రూపాంతరం దాల్చా. శనగపప్పు, సొరకాయ ముక్కలు, అల్లం ఎల్లిపాయ ముద్ద, చింతపండు పులుసు వేసి వండుతారు. విందులలో మాంసం ముక్కలు కలిపే దాల్చాను మనం ఎక్కువగా ఎరుగుదుము. సొరకాయ మాత్రమే వేసిన దాల్చాకు రుచిలో తక్కువ లేదు. శనగపప్పును గంట ముందుగా నానబెట్టడం ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి.

మూడవది గుడాలు. దీనికంటె సులభమైన, చౌకైన, బలమైన ఆహారం మన జిల్లాలలో మరొకటి లేదు. బబ్బెర్లు, పెసలు, శనిగలు, ఏవి ఉంటే అవి రాత్రి పడుకునే ముందు నీళ్ళలో వేయడం, తెల్లవారి ఉప్పు వేసి ఉడికించడం, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో తిప్పడం, అంతే. ఉదయం బిస్కెట్ల స్థానాన ఒక గిన్నెడు గుడాలు తిన్న విద్యార్థికి మధ్యాహ్నం వరకు ఆకలి తెలియదు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ పళ్ళెంలో ఖర్జూరం పక్కన ఉండే చనా కూడా ఈ గుడాలకు తోబుట్టువే. జనగామ మెట్ట పొలాల రైతులు పత్తి సాళ్ళ నడుమ కంది వేసుకుంటారు. ఇంటి మట్టుకు పెసలు, బబ్బెర్లు పండించుకుంటారు. సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు పచ్చడి జాడీతోపాటు రెండు కిలోల బబ్బెర్లు తెచ్చుకోవడం మేలని మా సలహా.

నాలుగవది సద్దులు. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడపడుచులు పళ్ళెంలో పెట్టుకొని పోయే పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఎవరికి తెలియవు? అన్నం ఒక్కటి వండితే వీటిలో ఏదైనా పది నిమిషాలలో కలుపుకోవచ్చు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి, పుట్నాలు వేయించి విడివిడిగా పొడి కొట్టి సీసాలలో పెట్టుకుంటే పదిహేను రోజులు వస్తుంది. పండుగనాటి సద్దిని పరీక్షల కాలపు భోజనంగా మార్చుకోవడంలో తప్పు లేదు. భూపాలపల్లి బొగ్గుగనులలో మొదటి షిఫ్టుకు పోయే భర్తకు తెల్లవారకముందే టిఫిన్ కట్టే ఇల్లాలికి, తొందరలో బలమైన భోజనం ఎట్లా సిద్ధం చేయాలో మనం చెప్పనవసరం లేదు. ఆమె దగ్గర మనమే నేర్చుకోవాలి.

రొట్టె గురించి ఒక మాట. జొన్నరొట్టె చేతితో తట్టడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. పిండిలో మరిగిన నీళ్ళు పోసి, వేడి తగ్గకముందే ఒత్తి కలపడంలోనే నేర్పంతా ఉన్నది. మహబూబాబాద్ తండాలలో ఇదే రొట్టెను బాటి అని పిలుస్తారు. అక్కడి నుండి వచ్చిన మిత్రుడు గదిలో ఉంటే మిగిలిన ముగ్గురూ అతని దగ్గర శిష్యరికం చేయవచ్చు. అప్పటివరకు, పట్టణంలో సాయంకాలం వీధి పక్కన రొట్టెలు చేసి అమ్మే తల్లుల వద్ద రెండు రొట్టెలు కొనుక్కొని, గదిలో పప్పు వండుకున్నా చాలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా, 2016ను పప్పుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధనకై 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ సంస్థ వెలసింది. మన రొట్టె, మన పప్పు అంత విలువైనవని లోకం గుర్తించినప్పుడు, మనం వాటిని లేమికి గుర్తుగా చూడడం సబబు కాదు.

రుచి సంగతి కూడా దాటవేయరాదు. మాంసం మానినవారిలో చాలామంది రెండవ వారంలో వెనుకకు తిరిగేది ఆకలి చేత కాదు, నాలుక చేత. వారికి మా మనవి ఇది. మనం మాంసపు రుచి అనుకునేదానిలో సగం మసాలా రుచి. అల్లం, ఎల్లిపాయ, వేయించిన ఉల్లిగడ్డ, లవంగం, దాల్చినచెక్క, కొత్తిమీర, పుదీన, ఇవి మాంసం సొత్తు కావు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి నూరి చింతపండు పులుసులో ఉడికించే బగారా బైంగన్‌ను గాని, మిర్చీ కా సాలన్‌ను గాని రుచి చూసినవారు ఆ మాట ఒప్పుకుంటారు. బగారా అన్నం పక్కన ఆ సాలన్ ఉంటే విందుకు కొరత లేదు. మరింత తొందరగా కావాలంటే మీల్ మేకర్ ఉన్నది. సోయా పిండితో తయారయ్యే ఈ ముక్కల బరువులో సుమారు సగం మాంసకృత్తులే. వేడినీటిలో అయిదు నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఇంటిలో మాంసానికి వేసే మసాలాయే వేసి వండితే పావుగంటలో కూర. దానిని మాంసమని భ్రమించనక్కరలేదు. కొత్తగా మానినవానికి నాలుక అలవాటు పడేవరకు అది ఒక ఊతకర్ర.

ఇంతవరకు పొయ్యి మీది మాట. పొయ్యి దిగిన తరువాతి మాట ఇంకా ముఖ్యమైనది. మా కళాశాలవంటి చోట మాంసం మానిన ముస్లిం విద్యార్థికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఆరోగ్యాన్ని గూర్చినది కాదు. ‘మతం మార్చుకున్నావా?’ అన్నది. నవ్వుతూ అడిగినా అది గుచ్చుకునే ప్రశ్న. ధర్మం అనుమతించిన వస్తువును తినడం అనుమతి, విధి కాదు. అనుమతించినదాన్ని నిషిద్ధమని ప్రకటించడం వేరు. తనకు తానుగా తినకపోవడం వేరు. మొదటిది పండితులు చర్చించవలసిన విషయం. రెండవది ఒక వ్యక్తి పళ్ళెం. బక్రీదు నాడు తన భాగాన్ని పేదలకు పంచిపెట్టి తాను పప్పు అన్నం తిన్న యువకుని విశ్వాసాన్ని తూచే త్రాసు మన చేతిలో లేదు.

అదే విధంగా మాంసం మానినవారికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. పళ్ళెం మారినందువలన మనిషి పవిత్రుడు కాడు. నూటికి 98 మంది మాంసం తినే నేలలో, ఆ 98 మందిని తక్కువగా చూసే శాకాహారం అహంకారమే అవుతుంది. ఇక్కడ మాంసం పేదవాని బలం, జాతరలో దేవతకు మొక్కు, పెండ్లిలో బంధువుకు గౌరవం. మాంసం తింటారన్న కారణాన విద్యార్థులకు గది అద్దెకు ఇవ్వని ఇంటి యజమానులు ఉన్నారు. వారి ఇంటి గుమ్మం ముందు నిలబడి తిరిగివచ్చిన బాధ మన విద్యార్థులలో పలువురికి తెలిసినదే. ఆ బాధ తెలిసినవారు, అదే గీటును తిప్పి మరొకరి మీద గీయరాదు. తినేవాని పళ్ళేన్ని అవమానించరాదు, తిననివాని పళ్ళేన్ని పరిహసించరాదు. ఈ రెండు వాక్యాలలో దేనిని విడిచినా రెండవది నిలువదు.

మన పల్లెలకు ఈ మర్యాద కొత్త కాదు. పీర్ల పండుగనాడు ఊరంతా పంచుకునే మలీదలో మాంసం లేదు. రొట్టె, బెల్లం ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద ముద్దలలో ఉన్నవీ అవే. రెండు పండుగలు, రెండు ప్రార్థనలు, ఒకే పేరు, ఒకే తీపి. ఎవరు ఎవరిని అడిగి నేర్చుకున్నారో చెప్పవలసిన అవసరం ఏ ఊరికీ రాలేదు.

కళాశాల సంఘంవారికి మా విన్నపాలు కొన్ని ఉన్నాయి. పూర్వ రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో చదువుకున్న కాలంలో అక్కడి శాకాహార భోజనశాలకు కార్యదర్శిగా పనిచేశారు. ఒక ఆదివారం కళాశాల రెక్టరును భోజనానికి పిలిచి విందు చేసిన సంగతి తన ఆత్మకథలో సంతోషంగా చెప్పుకున్నారు. క్రైస్తవ సంస్థ నడిపే కళాశాలలో ముస్లిం విద్యార్థి శాకాహార భోజనశాలను నిర్వహించాడు. ఎవరి విశ్వాసానికీ లోటు రాలేదు. ఆ కళాశాల చేసిన పని మన కళాశాల చేయలేనిది కాదు.

మొదటి విన్నపం, క్యాంటీనులో ప్రతి దినం ఒక పప్పు వంటకమో గుడాలో తప్పక ఉండేటట్లు చూడాలి. బజ్జీలకు ఉన్న స్థానం బబ్బెర్లకు కూడా ఇవ్వాలి. రెండవది, మాంసం వడ్డించే గరిటె, పప్పు వడ్డించే గరిటె వేరుగా ఉండాలి. ఇది డబ్బుతో పని కాదు, శ్రద్ధతో పని. మూడవది, వార్షికోత్సవం నాటి విందులో శాకాహారం చివరి వరుసలో మిగిలినవారికి పెట్టే పదార్థంగా ఉండరాదు. బగారా అన్నంతోపాటు మంచి సాలన్ ఒకటి తగినంత పరిమాణంలో వండించాలి. మాంసం తినేవారు సైతం దానిని అడిగి వేయించుకుంటారని మా నమ్మకం. నాలుగవది, జాతీయ సేవా పథకం ఆధ్వర్యంలో ఏటా ఒక దినం వంట నేర్పే శిక్షణ పెట్టాలి. అందులో మగపిల్లలు తప్పక పాల్గొనాలి. అద్దె గదులలో ఆకలితో ఉంటున్నవారిలో వారే ఎక్కువ. ఉర్దూ విభాగంవారు ఖిచిడీ, ఖట్టా నేర్పాలి. తెలుగు విభాగంవారు సద్దులు, పచ్చిపులుసు నేర్పాలి. వంట పేర్లు రెండు లిపులలోను పలక మీద వ్రాయాలి. అయిదవది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంవారి సహాయంతో విద్యార్థినీ విద్యార్థులకు ఏటా రక్తపరీక్ష జరిపించాలి. నీరసానికి కారణం మాంసమా పప్పా అనే వాదాన్ని అప్పుడు ఊహలతో కాక లెక్కలతో పరిష్కరించుకోవచ్చు.

విద్యార్థి మిత్రులారా! మాంసం తినండనిగాని, మానండనిగాని మేము చెప్పడం లేదు. అది మీ మనస్సాక్షికి, మీ ఇంటికి, మీ వైద్యునికి సంబంధించిన విషయం. మానదలచినవారు ఆకలితో మానవద్దని మాత్రమే మా కోరిక. ఈ రాత్రి పడుకునే ముందు ఒక పిడికెడు బబ్బెర్లు నీళ్ళలో వేయండి. రేపు ఉదయం ఉడికించి, గదిలో ఉన్న నలుగురికీ, మాంసం తినేవానికి కూడా, సమానంగా పెట్టండి.